తాలుకాయలు

వంద రికార్డులు వచ్చాయి
బస్టాండు పార్సిల్ ఆఫీసుకి, రెండు అట్టపెట్టెల్లో.
రసీదు మీద పింగాణీ ప్లేట్లు అని రాశాడెవడో.
సంతకం నాగుల్ మీరా పెట్టాడు,
డ్రమ్ములవాడి సంతకం,
కాగితం చిరిగింది.

ఏడంగుళాల నల్ల బిళ్ళ.
ఇటు రెండు పాటలు, అటు రెండు.
మొత్తం పదకొండు నిమిషాల నలభై సెకన్లు.
దీనికోసం నేను మిర్చి యార్డులో
రెండు సీజన్లు కాటా దగ్గర నిలబడ్డాను.
పున్నారావు బండి అమ్మేశాడు,
కొన్నవాడి వెనకే కూర్చుని
ప్రాక్టీసుకి వచ్చేవాడు.

బ్యాండుకి పేరు పెట్టింది నేనే.
ఎర్రకాయ ఒక కుప్ప, రంగు తేలిపోయింది ఒక కుప్ప
పోస్తారు కదా మా దగ్గర,
ఆ రెండో కుప్ప పేరు మాది.
ధర తక్కువే. ఘాటు సంగతి
కొన్నవాణ్ణి అడగండి.

రికార్డింగు ఏటుకూరు రోడ్డులో,
కోల్డ్ స్టోరేజీ వెనక గదిలో,
గోడలకి గోనెసంచులు కొట్టి.
కొత్తవాటికి డబ్బుల్లేక పాత టిక్కీలే కొట్టాం,
అక్కడే కొంప మునిగింది.
మూడో పాటలో
ముగ్గురం గొంతు కలిపి పైకెళ్ళే చోట
శరోను తుమ్మింది.
పద్నాలుగు సార్లు మళ్ళీ పాడాం.
పద్నాలుగు సార్లూ ఎవరో ఒకరు.
చివరికి మొదటి తుమ్మునే ఉంచేశాం,
సరిగ్గా తాళం మీద పడిందని
మీరా ఒట్టేస్తే.

అట్టలు బ్రాడీపేటలో, పెళ్ళికార్డుల ప్రెస్సులో.
ఆగిపోయిన పెళ్ళి తాలూకు కార్డులట,
దళసరి కాగితం, చవగ్గా ఇస్తానన్నాడు.
వెనక్కి తిప్పి మా బొమ్మ అచ్చేశాడు.
ఇప్పుడు లోపలికి చెయ్యి పోనిస్తే
బంగారు అక్షరాలు వేళ్ళకి తగుల్తాయి,
ఫలానా వారి ద్వితీయ పుత్రిక, చి.ల.సౌ.
ఆమె ఎవరో, ఎందుకాగిందో మాకు తెలీదు.
తెలిస్తే నాలుగో పాటకి
ఇంకో చరణం ఉండేది.

ఆదివారం, యార్డుకి సెలవు, షెడ్డు కింద విడుదల.
ముప్ఫై ఒక్కమంది వచ్చారు.
అందులో తొమ్మిదిమంది తొడిమలు తీసేవాళ్ళు,
కూలి డబ్బులకొచ్చి ఆగిపోయినవాళ్ళు.
వంద చేయించాం గానీ
తిప్పే యంత్రం ఊళ్ళో ఎవరి దగ్గరుందో
అంతకుముందు వారం దాకా తట్టలేదు.
నాజ్ సెంటర్లో రేడియోలు బాగుచేసే
మస్తాన్ సాహెబు తెచ్చాడు, దుప్పట్లో చుట్టి,
పసిబిడ్డని ఆస్పత్రికి తెచ్చినట్టు.

ముల్లు దించాడు.
పాట మొదలైంది,
మాది కాదు.
గిటార్లు బురదలో నడుస్తున్నాయి.
మీరా కర్ర ఎత్తి, ఆలోచించుకుని, దించుతున్నాడు.
శరోను గొంతులోంచి ఎవరో పెద్దమనిషి
నువ్వొస్తే నా సైకిలు గాల్లో అని
బరువుగా, సాక్ష్యం చెబుతున్నట్టు.

స్పీడు తప్పు పెట్టాడు సాహెబు.
మేం కడుపులు పట్టుకున్నాం.
శరోను నవ్వలేదు.
అచ్చం మా నాన్న, అంది.
కొరిటెపాడులో పాస్టరుగారు,
ఇలాంటి పాటలు పాడే చోట అడుగు పెట్టనని
మూడేళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాడు.
మీట మీదికి వెళ్తున్న సాహెబు చెయ్యి పట్టుకుంది.
ఉండనీండి బాబాయ్, ఈ ఒక్కటీ.
మూడు నిమిషాల పాట
నాలుగు నిమిషాలు నడిచింది.

తర్వాత సరైన వేగం, మా వేగం,
షెడ్డు రేకులు కూడా ఊగాయి.
రెండో వైపు తిప్పాక
ఆ తుమ్ము వచ్చింది.
నాగేంద్రమ్మ తలెత్తింది.
తేజ కాయ, అంది, ఒక్క తుమ్ముకే.
ఒకటి కొనింది కూడా.
ఏం చేసుకుంటావే అంటే
గోడకి పెడతా,
తిరిగినప్పుడు తిరుగుద్ది.

పంతొమ్మిది పోయాయి.
అందులో ఒకటి శరోను ఇంటికి పట్టుకెళ్ళింది,
ఏ స్పీడులో పెట్టాలో అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసి.
రెండు అంకెలూ రాసింది.

మిగిలిన ఎనభై ఒకటీ
అలవాటుకొద్దీ కాటా మీద పెట్టాను.
నాలుగు కిలోల తొమ్మిదివందలు.
తరుగు తీయలేదు.