తూము

రాత్రి ఎనిమిదింటికి చాప పరుస్తుంది సలోమి.
అమ్మకి మోకాళ్ళు వంగవు, మంచం మీదే కళ్ళు మూసుకుంటుంది.
దీవెన ఒక కన్నే మూస్తుంది.
ప్రార్థన నాది.
నేను ఎత్తుకున్నానంటే
పొయ్యి మీద అన్నం అడుగంటాల్సిందేనని
మా పేటంతా నవ్వుకుంటుంది.

ఆ రాత్రీ ఎత్తుకున్నాను.
మహోన్నతుడా, మహా ఘనుడా,
అల్పులం, ధూళివంటి వాళ్ళం...
ధూళి అన్నప్పుడు నా గొంతు ఎంత నిండుగా పలుకుతుందో
నాకే వినబడుతుంది.
లోపల ఎవడో తలూపి మెచ్చుకుంటాడు.
వాడూ నేనే.

మా చెరువును కాపాడు తండ్రీ,
రొయ్యకి తెల్లమచ్చ రానీకు,
అర్ధరాత్రి ఏరేటర్లు ఆగనీకు,
మా పొరుగువారిని...

అక్కడ నాలిక మడతపడింది.

అంతకు ఐదు రాత్రుల ముందు
గొంతేరు డ్రెయిన్లోకి తోడాల్సిన ఉప్పునీళ్ళని,
దూరమని, డీజిలు దండగని,
పోలయ్య చేనివైపు వదిలాను.
తూము పలక రెండు జానలు ఎత్తాను, అంతే.
నాటి ఇరవై రోజులైన చేను. కౌలు చేను.
టార్చి ఆర్పేశాను.
కప్పలు అరుపు మానేశాయి.

మూడో పొద్దుకి ఆకుల కొనలు ఎర్రబడ్డాయి.
గట్టు మీద గొంతుక్కూర్చుని
దుబ్బు పీకి వేరు వాసన చూస్తున్నాడు పోలయ్య.
"తెగులేమో" అన్నాను
అతను అడక్కుండానే.

ఎలాగో ముగించాను.
అమ్మ ఆమెన్ అంది.
దీవెన ఆమెన్ అని కంచం దగ్గరికి పరిగెత్తింది.
సలోమి అనలేదు.
చాపా చుట్టలేదు.

"ఆ రాత్రి మీరు విప్పిన లుంగీ
రెండుసార్లు ఉతికానండి, ఉప్పు చారలు పోలేదు.
నాకు చెప్పనివి
దేవుడికి చెప్పుకుంటున్నారనుకున్నాను.
ఆయనకీ చెప్పట్లేదా?"

ముందొచ్చింది కోపమే.
పశ్చాత్తాపమని ఇప్పుడు రాసుకుంటే అదింకో అబద్ధం.
"సంఘపెద్దతోనా ఆ మాట?" అని అరిచాను.
ఆ మాట చాప మీద పడి
చచ్చిన రొయ్యలా వంకర తిరిగింది.
అమ్మ మంచం మీంచి
కళ్ళు తెరవకుండానే అటు తిరిగి పడుకుంది.

చెప్పులేసుకుని బయల్దేరాను.
కాలవ గట్టు పొడుగునా
చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను, అన్నీ బాగానే ఉన్నాయి.
పోలయ్య వాకిట్లోకి వెళ్ళేసరికి
ఒక్కటీ మిగల్లేదు.

"నీళ్ళు నావే పోలయ్యా. తెగులు కాదు."

అతను చెయ్యి కడుక్కోలేదు.
చింతకాయ పచ్చడితో ముద్ద కలుపుతూనే ఉన్నాడు.
"తెల్సండి. చేలో రొయ్యపిల్ల దొరికింది."
"మరి అడగలేదే?"
"అడిగితే
ప్రార్థన చేసుకుందాం రమ్మంటారని."

వాళ్ళావిడ కుర్చీ వెయ్యబోయింది.
వద్దని అరుగు కింద నేల మీదే కూర్చున్నాను.
ఎవరో చూస్తే బావుణ్ణనిపించింది, ఒక్క క్షణం.
అదీ చెప్పాలిగా.

క్షమించానని అతను అనలేదు.
"పొద్దున్నే ఇంజను తెండి" అన్నాడు.
నరసాపురం కాలవ నీళ్ళు పెట్టి
మూడుసార్లు కడిగాం చేనుని,
నా ఇంజను, నా డీజిలు.
సగం తేరుకుంది.
మిగతా సగానికి నారు కొనితెచ్చి
వంగి నాటాను, నడుం పట్టేసింది.
పోలయ్య నా వరస చూసి
వంకరగా ఉందన్నాడు.

అదంతా తర్వాత సంగతి.

ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి
చాప పరిచినట్టే ఉంది.
మోకాళ్ళు వంచాను.
మహోన్నతుడా అని నోటికి రాలేదు.
"తూము నేనే ఎత్తాను" అన్నాను.
ఆ తర్వాత ఏం తోచలేదు.
దోమలు పాడుతున్నాయి.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.
సలోమి ఏదో అంది,
ఆమెన్ అందో
అన్నానికి రమ్మందో
సరిగ్గా వినబడలేదు.

లేచి వెళ్ళాను.