రెండొందల పేజీల నోటుబుక్కు

ఎర్రగుంట్ల హైస్కూలు, ఎనిమిదో తరగతి బి సెక్షన్.
నాపబండల మీద మార్చి ఎండ
తలుపు దాటి మూడో వరస దాకా పాకింది.
మౌలాలి నోటుబుక్కు చేతిలోకి తీసుకుంటే
లోపల ఏమీ లేనట్టు, అట్టలదే బరువు.

"రెండొందల పేజీలది గదరా, మిగతావి యాడ?"

వాడు నేల చూశాడు.
"కొట్టేసిండేది కనపడితే మీరు చింపుతారు గదా మేడమ్,
మీకెందుకు శ్రమని నేనే చింపేసుకుంటాండా."

పందొమ్మిదేండ్ల సర్వీసు నాది.
మార్జిన్ దాటిన అక్షరాన్ని
మంద దాటిన గొర్రెలా వెనక్కి తోలినదాన్ని.
దిద్దిన పేపర్లే మళ్లీ దిద్దుతూ
పొయ్యి మీద అన్నం మాడబెట్టినదాన్ని.
తనిఖీకి వచ్చినాయన
"మీ పిల్లల నోట్సు అచ్చేసినట్టుంది" అంటే
ఆ మాటను ఏడాది పొడుగునా చప్పరించినదాన్ని.

పిన్నుల పుస్తకం గుణం ఇన్నాళ్లూ గమనించనే లేదు.
ముందర ఒక కాగితం చింపితే
వెనకెక్కడో దాని జంట కాగితం పట్టు తప్పుతుంది.
అట్లా ఊడిపోయిందంట
పెన్న మీద వాడు సొంతంగా రాసిన వ్యాసం.

"ఏం రాసినావురా అందులో?"
"ఏట్లో నీళ్లొచ్చిన పొద్దు
మా నాయన చెప్పులు కొట్టకపోయినేది మేడమ్.
రెండు తప్పులుండె."

అది నేను దిద్దే ఉంటాను.
రెండు తప్పులూ కనపడి ఉంటాయి.
చెప్పులు కనపడలేదు.

ఆ మధ్యాహ్నం పద్యం చెబుతూ
బోర్డు మీద 'అర్థం' రాయబోయి
థ కడుపులో చుక్క మరిచాను.
'అర్ధం' అయి కూర్చుంది. సగం.
"మేడమ్, చుక్క!" అంది హేమావతి,
అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
నలభై రెండు మంది ఊపిరి బిగబట్టారు,
తప్పు వాళ్లదే అయినట్టు.

డస్టర్ దాకా పోయిన చెయ్యి
ఎందుకో ఆగింది.
తుడపలేదు.
ఒక గీత గీసి, పక్కన మళ్లీ రాశాను.
"ఇది ఇట్లనే ఉండనీ" అన్నాను,
గొంతు నాది కానట్టు.
వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు.
మౌలాలి మాత్రం నవ్వలేదు.
బోర్డునూ నన్నూ మార్చి మార్చి చూసి,
తన పుస్తకంలో
ఆ కొట్టివేతతో సహా ఎక్కించుకున్నాడు.

సాయంత్రం ప్రొద్దుటూరు బస్సు,
కిటికీ పక్క సీటు.
సిమెంటు ఫ్యాక్టరీ పొగ, తర్వాత శనగ చేలు.
బాగానే చేశానులే అనుకుంటున్నా గానీ
ఆ గీత కాస్త వంకర పోయింది.
స్కేలు పెట్టి కొట్టేసి ఉంటే
బాగుండు.