చెవికర్ర

రాత్రి రెండింటికి కెండల్ వీధుల్లో
పిల్లి దూకినా వినబడుతుంది.
నీళ్ల కంపెనీ ఐజాక్ థ్వెయిట్
ఆ వేళకే పనిలోకి దిగుతాడు.
నాలుగడుగుల నున్నటి కర్ర,
ఒక కొస రోడ్డు మీది ఇనప మూతకి,
రెండో కొస చెవి పక్క ఎముకకి.
ఊపిరి బిగబట్టి
నేల కింద ఏ పైపు కారుతోందో వింటాడు.

"కారే పైపు అరవదురా" అంటాడు కొత్త కుర్రాళ్లతో,
"పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడుంటుందే, అంతే.
మీ కోటు గుడ్డ రాసుకుందా, ఇక పోయింది."

అలాంటి మనిషికి
దేవుడి దగ్గర మాత్రం పెద్ద నోరు.
మెథడిస్టు చాపెల్లో ముప్పయ్యేళ్లు
మోకాళ్ల మీద గడగడా అప్పజెప్పాడు:
నడుంనొప్పి, ఏటి వరద, బావమరిది తాగుడు,
ఆఖర్న కూతురు వినిఫ్రెడ్ పేరు.
ఆలకించు తండ్రీ, దాని మనసు మార్చు తండ్రీ.
మూడేళ్లుగా ఆ పిల్ల ఇతనితో మాట్లాడదు.
ఆమెన్ అన్నాక ఒక్క క్షణం ఆగేవాడు కాదు.
అవతలివాడి గుమ్మంలో ఉత్తరం పడేసి
తలుపు తెరుచుకునేలోగా సందు తిరిగిపోయినట్టు
టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

విన్నపం అనే మాటలో
'విన్న' అనే ముక్కని ఎవరు దాచారో గాని
మనం చెప్పుకోవడానికే వాడి అరగదీశాం.

చాపెల్ పైకప్పు విప్పిన నవంబరులో
క్వేకర్ల ఇంటికి వెళ్లాడు, చలికోసమే అని చెప్పుకున్నాడు.
పాట లేదు. పాస్టరు లేడు. బల్లలు ఎదురెదురుగా.
పద్దెనిమిది మంది ఒక గంట
ఊరికే కూర్చున్నారు.
ఐదు నిమిషాలకే ఐజాక్‌కి కోపమొచ్చింది,
ఎవరో ఏదో మర్చిపోయారనుకున్నాడు.
పొయ్యిలో బొగ్గు చిట్లింది.
డోర్కస్ ప్రీస్ట్‌మన్ కడుపు గుర్రుమంది.
ఆవిడ సిగ్గుపడలేదు.
ఇతని లోపలి అప్పజెప్పుడు మాత్రం
కోటు గుడ్డలా రాసుకుంటూనే ఉంది.

నాలుగో ఆదివారమో, ఐదోదో,
అది ఒక్క రవ్వ తెగింది.
ఆ నిశ్శబ్దం అతనికి తెలుసు:
రెండు గంటల రాత్రి, కర్ర కొస.
తల దానంతటదే పక్కకి వంగింది.
అడుగున ఎక్కడో సన్నగా కారుతోంది.

దేవుడి గొంతు అని అతను ఇప్పటికీ అనడు.
వినిఫ్రెడ్‌దే, పదిహేడేళ్లప్పటిది.
వంటింటి గుమ్మంలో నిలబడి
"నాన్నా, నేను..." అంటోంది.
తర్వాతి మాట ఎంతకీ రాలేదు.
మరిచిపోయి కాదు.
అప్పటికే తను మాట్లాడుతున్నాడు.

గంట గడిచాక అందరూ చేతులు కలిపారు.
డోర్కస్ ఇతని చెయ్యి వెంటనే వదల్లేదు.
ఏమీ అడగలేదు కూడా.

ఆ రాత్రి కూతురి ఫోనులో
ఎప్పటిలా పావుగంట సందేశం పెట్టలేదు.
"వింటాను" అని పెట్టేశాడు.

పదకొండు రోజులకి మోగింది.
ఎత్తాడు. అటునుంచి మాట లేదు.
లీడ్స్‌లో ఏదో గది, మెట్ల మీద ఎవరివో బూట్లు,
వెనక సన్నగా కుళాయి.
వాషరు అరిగిందమ్మా, పావలా ఖరీదు,
నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాడు.
రిసీవరుని ఎముకకి ఆనించి
ఊపిరి బిగబట్టాడు.

"నాన్నా, నేను..."

"ఊఁ" అన్నాడు ఐజాక్.

కుళాయి కారుతూనే ఉంది.