ఎలుగు

మొదటి ఏడాది తాడ్వాయి అడవిల
నేను ఎలుగుబంటిని చూడనే లేదు.
దాని పెంట చూసిన.
కాయితం కవర్లల్ల ఎండబెట్టి, తేదీ రాసి,
హన్మకొండ బస్సుల ఒళ్లె పెట్టుకొని తెచ్చిన.
పస్రా దగ్గర ఎక్కిన ముసలామె
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని అడిగింది:
"ఏం తొక్కు బిడ్డా, గింత వాసన?"

కవర్లు విప్పితే అన్నీ గింజలే.
రేగు, తునికి, నేరేడు.
చెదల తలకాయలు, తేనెటీగ రెక్కలు.
ఒకసారి ఎవరిదో చొక్కా గుండీ.
దాన్ని ఏ గడిల రాయాల్నో తెలువక
'ఇతరములు' అని రాసిన.

ఊళ్లల్ల నా పేరు పెంట మేడం.

అడవిల దారి కుర్సం బుచ్చయ్యది.
నా చేతుల జీపీఎస్ ఉండె, ఆయనకు మడిమెలు ఉండె.
బెరడు మీది గోటి గీతలను వేలితో తడిమి
"నిన్నటివి గావు, మొన్నటివి. తల్లిది.
పిల్లను వీపున మోస్తున్నది" అనేటోడు.
నేను నమ్మక అదే చెట్టుకు కెమెరా కట్టిన.
పదిహేను దినాలకు
చౌరస్తా కాడి స్టూడియోల రీలు కడిగిస్తే
వీపు మీద పిల్ల.

ఆ వ్యాసంల బుచ్చయ్య పేరు
చివరి పేజీల, కృతజ్ఞతల్ల,
జీపు డ్రైవర్ తర్వాత వచ్చింది.
అక్షరం తప్పుతో.

ఇప్పపువ్వు రాలే నెల.
తెల్లారక ముందే గంపలు లేస్తయి,
చెట్ల కింద ఎండుటాకు కాలుతది,
పువ్వు, చెమట పట్టిన ముత్యాల లెక్క,
రాత్రి ఎవరో కుప్ప పోసి పోయినట్టు.
ఎలుగుకూ అదే నెల, అదే గడియ, అదే చెట్టు.
నా గ్రాఫుల రెండు గీతలు
ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసున్నయి.
ఎంత సక్కటి గ్రాఫు అని
అర్ధరాత్రి ల్యాబుల ఒక్కదాన్నే చప్పట్లు కొట్టిన.

వారం తిరగలే.
బుచ్చయ్య చెవి, సగం చెంప
ఆ రెండు గీతలు కలిసిన కాడ పోయినయి.

ఎంజీఎం వార్డు. ముప్పై నాలుగు కుట్లు.
పరిహారం కాయితం మీద వేలిముద్ర ఆరేదాక
కొత్త వ్యాసం పేరు చదివి వినిపించిన:
మానవ వన్యప్రాణి సంఘర్షణ.
కట్టు సందుల నుంచి ఒక్క కన్నుతో చూసిండు.
"సంఘర్షణ అంటే?"
"కొట్లాట."
"కొట్లాట ఏడిది మేడం?
పువ్వుకు అది వచ్చె, పువ్వుకు నేను పోతి.
చీకట్ల దానికి నేను కనవడలె, నాకు అది కనవడలె.
నేను ఎలుగెత్తి అరిస్తి.
దానిది గూడ ఎలుగే గద, అది గూడ అరిసె.
ఎవలు ముందుగాల బుగులు పడ్డరో
అది రాయి నీ కాయితంల."

రాయలే.
వ్యాసం పేరు మాత్రం కొట్టేసిన,
సంపాదకుడు మళ్లీ అదే పెట్టిండు.

తర్వాత ఏడేండ్లు ఒక్కటే మాట పట్టుకొని తిరిగిన:
పొద్దు పొడిచినంక పోండ్రి, గుంపుగ పోండ్రి.
నాలుగు ఊళ్లు విన్నయి.
మిగతా ఊళ్లు అడిగినయి,
"ఆ గంట పువ్వు జింకలు తింటయి,
దాని పైసలు నువ్విస్తవా?"
నా ప్రాజెక్టుల ఆ పద్దు లేకుండె.

నిన్న ల్యాబు ఖాళీ చేసిన.
రెండు వేల కవర్లు, అన్నిటి మీద నా చేతిరాత,
మొదట్ల గుండ్రంగ, రాను రాను వంకర.
కిటికీల నుంచి చూస్తే తునికి చెట్టు.
పెంటల దొరికిన గింజను కుండీల పెట్టిన,
ఎల్లినంక గోడ పక్కకు మార్చిన, అంతే.
అటెండర్ యాకూబ్ దాని కొమ్మకే
టిఫిన్ డబ్బా తగిలిస్తడు.
"ఎవరు పెట్టిండ్రు మేడం దీన్ని?"
"తాడ్వాయిల ఒకామె. పండు తిని, గింజ నాకిచ్చింది."
"మీ చుట్టమా?"
కొంచెం సేపు ఆలోచించిన.

కవర్లన్నీ అక్కడనే వదిలేసిన.
ఇతరముల గుండీ ఒక్కటి పర్సుల వేసుకున్న.
నాలుగు తొర్రలు.
ఒకదాంట్ల ఇంకా దారం ఉన్నది.