వరసలో రాయి

మా కంచరపాలెం కొండవాలులో
కొళాయి తెల్లారగట్ల నాలుగున్నరకి వస్తుంది,
ఒక్కోరోజు నాలుక్కే, ఒక్కోరోజు రానే రాదు.
అందుకని రాత్రే రాళ్లు పెట్టుకుంటాం.
రాయంటే మనిషే.
పసుపు పూసింది పైడితల్లిది,
గుండ్రంది మిలట్రీ తాతది,
విరిగిన నాపరాయి ముక్క, అంచున ఆకుపచ్చ రంగు మరక,
అది నాది.
మనిషి నిద్రపోతుంటే రాయి నిలబడుతుంది.

నా వెనక రాయి సింహాచలానిది.
పక్కిల్లే. గోడ కూడా ఒకటే.
మార్చిలో ఓ రోజు నా రాయి ఆమె రాయి వెనక్కి పోయింది.
కుక్క తన్నిందో, తాగొచ్చినవాడి కాలు తగిలిందో.
"నువ్వే జరిపావు" అన్నాను.
"నానేటి దొంగనా?" అంది.
అక్కడితో ఆగేది. నేను ఆగనివ్వలేదు.
ఆమె మొగుడి సంగతి ఎత్తాను,
ఎత్తకూడనిది.
ఆ తర్వాత నాలుగు నెలలు
గోడ అవతల ఆమె దగ్గితే
ఇవతల నేను టీవీ సౌండు పెంచాను.

ఆ నాలుగు నెలలూ ఒక్క ఆదివారం మానలేదు నేను.
తెల్లచీర, తలమీద ముసుగు, సంచిలో కళ్లజోడు.
ప్రార్థనలో క్షమించే చోటు వచ్చినప్పుడు
గొంతు కాస్త తగ్గించేదాన్ని, అంతే.
పాస్టరు గారు మూడు వారాలు ఒకటే మాట చెప్పారు,
మన స్థానంలో ఆయన నిలబడ్డాడని.
ఆమెన్ అన్నాను.
ఫ్యాను గాలి తగలట్లేదని విసుక్కున్నాను.

జూలైలో మావాడికి డెంగీ.
కేజీహెచ్‌లో పదకొండు రోజులు.
రోజూ కాగితమ్మీద ఒక అంకె,
ఆ అంకె కోసమే తెల్లారడం.
ఇల్లు గుర్తు లేదు. కొళాయి గుర్తు లేదు.
దేవుడితో ఏం మాట్లాడానో కూడా సరిగ్గా గుర్తు లేదు,
మేడమీద కిటికీలోంచి సముద్రం కనిపిస్తే
"అన్ని నీళ్లు పెట్టుకుని" అని ఏదో దెప్పాను.

పన్నెండో రోజు వాణ్ని భుజానేసుకుని మెట్లెక్కాను.
ఎనభై ఏడు మెట్లు.
వాకిట్లో డ్రమ్ము నిండా నీళ్లు.
దోమ దూరకుండా
పైన పాత చీర కప్పి, తాడేసి బిగించి.
ఆ చీర నాకు తెలుసు.
గోడ అవతల దండెం మీద చూసిందే.

కిందికెళ్లి చూశాను.
నా రాయి వరసలో ఉంది, తన చోటే.
"రెండు వరసలు నిలబడీది" అన్నాడు మిలట్రీ తాత.
"తనవి ఎక్కించేసి, మళ్లీ దిగి, నీవి.
మోకాలు నొప్పని సగం మెట్ల కాడ కూకునీది."

ఆమె గుమ్మంలో నిలబడ్డాను. మాట రాలేదు.
చేపలు తోముతోంది, తలెత్తలేదు.
"నీకోసం కాదులే.
రాయి ఒట్టినే ఉంటే ఎవుడో తన్నెత్తాడని."
కాసేపాగి,
"గుంటడికి జొరం తగ్గినాదా?"

ఆమె మెడలో అప్పన్న బిళ్ల, పేరులో అప్పన్న కొండ.
పొరుగువాడెవడని అడిగినవాడికి
దారినపోయే పరాయివాణ్ని చూపించాడాయన.
నాకు అంత దూరం కూడా చూపించలేదు.
గోడ చూపించాడు.

ఆ ఆదివారం పాస్టరు గారు వేరే సంగతేదో చెప్పారు.
నాకు పాతదే వినబడింది.
నా స్థానంలో, అంటే
ఒక నొప్పి మోకాలు, ఎనభై ఏడు మెట్లు, రెండోసారి.
నా చేత తిట్లు తిన్న మనిషి.

ఇప్పుడు సింహాచలం కూతురి పురిటికని
ఆమదాలవలస వెళ్లింది.
రాయి చూసుకోమని చెప్పలేదు. నేనూ అడగలేదు.
రెండు వరసలు నిలబడుతున్నాను.
నలభయ్యో మెట్టు దగ్గర ఆగి చెయ్యి మార్చుకుంటాను.
ఆయనా కొండెక్కుతూ ఆగాడు కదా,
పొలంనుంచి వస్తున్నవాడెవడో మోత పట్టాడు కదా.
కింద పోర్టు దీపాలు ఇంకా ఆరవు.
బిందె ఒలికి నడుం తడుస్తుంది.

పొద్దున్న ఆమె డ్రమ్ముకి మూత వెతికాను, దొరకలేదు.
నా తెల్లచీర కప్పి వచ్చాను.