దుడ్డు

హూడి రైలు గేటుకు అవతల
రేకుల ఇండ్ల వరసలో నాలుగో గది మాది.
రాత్రి పదకొండు దాటి
నీళ్ల ట్యాంకర్ల రొద సద్దుమణిగినాక
దుప్పటి తలమీదిగా కప్పుకోని
ఫోన్లో గుసగుసలాడతా నేను.
మొదట్లో మొగుడు అనుమానపడె.
ఇప్పుడు ఆయప్పే లేసి ఫ్యాను ఆపేస్తాడు,
చెమట కారితే కారనీ,
శబ్దం పడితే దుడ్డు రాదని.

వాక్యానికి రూపాయిన్నర.
తెర మీద వచ్చింది వచ్చినట్టు చదవాల.
యాడిదో యంత్రానికి తెలుగు నేర్పిస్తాండారంట,
దానికి అయివారమ్మ
ఏడో తరగతిలో బడి మానిన ఓబులమ్మ.

"రేపు వర్షం పడవచ్చు." రూపాయిన్నర.
"దయచేసి తలుపు తెరవండి." రూపాయిన్నర.
"నాకు చాలా సంతోషంగా ఉంది."
దీన్ని సంతోషంగా చదవమని పక్కన నవ్వే బొమ్మ.
రెండుసార్లు ఏడుపుగొట్టు గొంతే వచ్చె.
మూడోసారి ఎందుకో నిజంగానే నవ్వొచ్చె.

అప్పటినుంచి నా లెక్కలే వేరే.
అర లీటరు పాలు పదహారు వాక్యాలు.
కిలో కందిబేడలు తొంభై.
గ్యాస్ బండ
ఒక రాత్రికి అయ్యే మాట కాదు.

పొద్దున మాత్రం నోటికి సెలవు, వేలికి పని.
నూనె ధర యాడ తక్కువో మాబున్నీ చూస్తాది,
సబ్బులు శశిరేఖ.
కూపన్లు మాత్రం బీహారు పిల్ల రింకీకి ఇడిసిపెట్టాల,
ఏది ఏ గడియకు చస్తాదో దానికే ఎరుక.
రెండొందలు దాటితేనే తెచ్చేదానికి కూలి లేదు కాబట్టి
నాలుగు పొయ్యిల సరుకూ ఒకే బుట్ట.
సంచి వచ్చి గడప మీద దిగితే
ఉప్పు నీది, బెల్లం నాది, ఈ రవ్వ ఎవురిది?
ఒకసారి పదకొండు రూపాయలు తగ్గింపు వచ్చె.
నాలుగు భాగాలేస్తే తలా రెండుంముప్పావలా.
ఆ ముప్పావలా కాడ
మాబున్నీ నాతో రెండు దినాలు మాట్లాడలా.

పోయిన బేస్తవారం
పద్నాలుగు వాక్యాలు ఎనక్కి కొట్టినారు.
తిరస్కరించబడింది, ఉచ్చారణ తప్పు.
పద్నాలుగంటే రేపటి పాలు కొంచెం తక్కువ.
చెవికి ఆనించుకోని మళ్లా ఇన్యా నా గొంతు నేనే.
తెర మీద ఉండేది:
"మా అమ్మకు డబ్బు పంపించాను."
నేను చదివింది:
"మా యమ్మకు దుడ్డు పంపినా."
కండ్లు డబ్బనే చూసినాయి.
నోరు మాత్రం దాని దోవన అది
కదిరి బస్సెక్కి పోయింది.

కొత్తిమీర అమ్మే గౌరమ్మ దుడ్డంటాది.
ఆటోవాడు దుడ్డంటాడు, మీటరు కంటే ముందే.
అద్దెకొచ్చే ఓనరు
నెల ఒకటో తేదీ తలుపు కొట్టి ఆ ఒక్క ముక్కే అంటాడు.
ఈ ఊరు ఊరంతా దుడ్డు మీదనే నడుస్తాంటే
దుడ్డిచ్చేవాళ్లకు మాత్రం
దుడ్డంటే ఏందో తెలీదు.

సరే. రూపాయిన్నర రూపాయిన్నరే.
పెదాలు రెండూ గట్టిగా అదిమి
డబ్బు, డబ్బు, డబ్బు అని
దుప్పట్లోనే పాఠం పెట్టుకోని
పద్నాలుగూ తిరిగి చదివినా. పట్టినారు.
ఆఖర్న ఒక గడి ఉండె,
మీకు నచ్చిన వాక్యం ఏదైనా చెప్పండి,
దీనికి చెల్లింపు లేదు అని.
ఎవురూ నింపరంట దాన్ని.
ఫ్యాను లేని ఉక్కలో అరనిమిషం ఆలోచన చేసి
నేను నింపినా:
"దుడ్డన్నా డబ్బే నాయనా.
కష్టపడినోళ్లు దాన్ని ఎట్ల పిలిచినా పలకాల నువ్వు."

ఎనిమిది దినాలాయె.
మిగతావాటి పక్కన పచ్చ టిక్కులు పడినాయి.
దాని పక్కన మాత్రం
పరిశీలనలో ఉంది అనే ఉండాది ఇంకా.
పొద్దుకోసారి తీసి చూస్తాండా.
ఇంతలో మాబున్నీ గోడ తడతాది,
"ఓబక్కా, నూనె తొమ్మిది రూపాయలు తగ్గింది,
బిరీన చెప్పు, బుట్టలో ఏసేదా?"