వాషింగ్ మెషీన్ వెనక

చేపల కొట్టు ఉబల్దీనా
ఉల్లిపాయల బుట్టలో పెట్టి ఇచ్చింది.
మూత పూర్తిగా తియ్యనేలేదు,
ఒక బూడిద రంగు గీత
కుర్చీల కాళ్ల మధ్య నుంచి సాగి
స్నానాలగదిలోకి దూరి
వాషింగ్ మెషీన్ వెనక ఆగిపోయింది.

ఐదుగురు పిల్లలు బోర్లా పడుకున్నారు.
ఐదు చెంపలు చల్లటి గచ్చు మీద.
"కళ్లున్నాయి" అంది మిల్లా.
"రెండా?" అన్నాడు దాని కవల ఇలారియో.
"నాకొకటే. రెండోది నీ వైపుంది, చూడు."

వల్పరైసోలో మా ఇల్లు
కొండకి గుండీలా వేలాడుతుంటుంది.
రేకు గోడలు, గాలొస్తే ఇల్లంతా డబ్బాలా మోగుతుంది.
అందులో వీళ్లు.
ఎలుకల కోసమే తెచ్చాను, ఒట్టు,
పిండి సంచికి మూడోచోట కన్నం పడ్డాక.
"ఇంకో నోరా?" అన్నాడు ఎలియసర్,
రేవులో క్రేను మీద రాత్రి డ్యూటీకి పోతూ,
బూటులో కాలు సగం పెట్టి.
"నోరు కాదు, పళ్లు" అన్నాను.

పేరు కోసం మూడు రోజులు కొట్టుకున్నారు.
రాయెన్ పొగమంచు అని,
ఔరేలియో గోల్‌కీపర్ అని,
కవలలిద్దరూ ఎవరి పేరు వాళ్లే పెట్టాలని.
చిన్నది నెరెయా "బా" అంది.
దానికి అన్నీ బా, రొట్టె కూడా.
పిల్లి దేనికీ పలకలేదు.
సార్డీన్ డబ్బా మూత లాగినప్పుడు మాత్రం
చీకట్లో ఒక చెవి ఇటు తిరిగింది.
రాత్రి పెట్టిన పళ్లెం పొద్దున్నకి ఖాళీ.
అది తిందో, ఇలారియో తిన్నాడో చెప్పలేం.

నాలుగో రోజు ఇంట్లోకి చట్టం వచ్చింది.
రాయెన్ రాసి తలుపుకి అంటించింది.
తోక లాగరాదు.
మీసాలు లెక్కపెట్టరాదు.
సబ్బునీళ్లు పోసి బయటికి రప్పించరాదు,
ఇది ఎవరి గురించో ఔరేలియోకి తెలుసు.
ఇక నుంచి అందరూ పిల్లి అడుగులే వెయ్యాలి.

వేశారు కూడా.
గాలి లేని ఆ మధ్యాహ్నం
మా గోడగడియారం చప్పుడు చేస్తుందని
మొట్టమొదటిసారి తెలిసింది నాకు.
గుండె ఝల్లుమంది.
పొయ్యి మీద పులుసు వదిలేసి పరుగెత్తాను.
ఐదుగురూ ఉన్నారు,
మేజోళ్లతో, గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి.

ఇక నా సంగతి.
ఎలియసర్‌కి కూడా ఎప్పుడూ చెప్పలేదు.
రోజూ సాయంత్రం ఆరున్నరకి
స్నానాలగదిలోకెళ్లి గొళ్లెం పెట్టుకుంటాను.
కుళాయి విప్పి వదిలేస్తాను, లోపలేదో పనున్నట్టు.
టబ్బు అంచు మీద కూర్చుని
చేతులు చూసుకుంటాను. అంతే.
ఏడవడమంటారా, దానికి తీరిక కావాలి.
నాలుగు నిమిషాలు. ఐదోదానికి
తలుపు కింద సందులోంచి వేళ్లొస్తాయి,
పొట్టివి, జామ్ అంటినవి.
"అమ్మా, లోపలున్నావా?"

తొమ్మిదో రోజు ఆరున్నరకి
మెషీన్ వెనక నుంచి రెండు పసుపు దీపాలు
నన్ను పైనుంచి కిందికి చూశాయి.
నువ్వు కూడానా, అన్నట్టు.
నేను కూడా, అన్నాను.
కుళాయి కట్టేశాను.
దాని ముందు నటించేదేముంది?
అది పంజా నాక్కుంది. నేను జుట్టు ముడేసుకున్నాను.
పెళ్లయ్యాక ఇంత మాటలేని స్నేహం
ఎవరితోనూ చేసి ఎరగను.

అంతలో వేళ్లొచ్చాయి.
పొట్ట నేలకి రాసుకుంటూ
అంగుళం అంగుళం బయటికొచ్చింది పిల్లి.
వాసన చూసింది.
నెరెయా బొటనవేలి మీది నేరేడు జామ్‌ని
గరుకు నాలుకతో
ఒక్కసారి.

తలుపవతల ఏ చప్పుడూ లేదు.
తరువాత చాలా నెమ్మదిగా, గుసగుసగా,
"బా."

గొళ్లెం నేనే తీశాను.
అది నా కాలి మీదుగానే నడిచి వెళ్లిపోయింది,
వెనక్కి తిరిగి కూడా చూడకుండా.
ద్రోహీ, అన్నాను.

ఎలుకలు బాగానే ఉన్నాయి.
సంచికి నాలుగో కన్నం పడింది.
పిల్లి కవలల మధ్య మెడ వాల్చి పడుకుంటుంది,
దాని నెత్తిన బొమ్మ టోపీ.

ఇప్పుడు ఆరున్నరకి
తలుపు కింద వేళ్ల పక్కన
ఒక బూడిద రంగు పంజా కూడా గచ్చు తడుముతుంటుంది.
"అమ్మా, లోపలున్నావా?"

కుళాయి ఇంకాస్త విప్పుతాను.